వలవెంట వలస

నస్పూరనగానే ఎవరికైనను బొగ్గు జ్ఞప్తికి వచ్చును. మంచిర్యాల చెంత, గోదావరి యెడమగట్టునకు సమీపమున నున్న యీ యూరిని చుట్టి సింగరేణి సంస్థవారి శ్రీరాంపూరు ప్రాంతపు గనులు గలవు. ఎక్కడెక్కడి పల్లెలనుండియో కుటుంబములు గనిపనికై తరలివచ్చి యిచ్చట కాపురములు పెట్టుటచేతనే ఒకనాటి పల్లె పట్టణమైనది. 2018లో నస్పూరు పురపాలక సంఘమైనది. 2025లో మంచిర్యాల నగరపాలక సంస్థలో చేరినది.

బొగ్గుకొరకు పుట్టినయూరు విడిచి వచ్చిన ఇల్లాలికి కష్టములు లేవని కాదు. గనిలోనికి దిగిన భర్త మరల వెలుతురు చూచువరకు ఆమె మనస్సు కుదుటపడదు. అయినను ఆమెకు కొన్ని ఆధారములు గలవు. నెల తిరుగగనే జీతము వచ్చును. సంస్థవారి క్వార్టరు గలదు, ఆసుపత్రి గలదు. ప్రమాదము సంభవించినచో పరిహారమునకు చట్టము గలదు. తన భర్త పేరు ఒక పుస్తకములో వ్రాయబడియున్నదను ధైర్యము గలదు.

ఆ గనుల చెంతనే పారు గోదావరిని చూచునప్పుడు మరియొక విధమైన వలస తలపునకు వచ్చును. అది చేపకొరకు చేయు వలస. బొగ్గు తానున్న చోటనే యుండును; మనుష్యుడు దానియొద్దకు వచ్చి నిలిచినచో చాలును. చేప యట్లు కాదు. నేడొక మడుగున నుండును, రేపు మరియొక మడుగునకు పోవును. దానిని నమ్మినవాడు కూడ కదలుచుండవలెను. అతనికి జీతపుపుస్తకము లేదు, క్వార్టరు లేదు. అతని కాపురము దేనిపై నిలుచునో విచారించుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

చేపలవేట కేవలము పొట్టకూటి పని యని తలంపరాదు. నీటి రంగు చూచి లోతు చెప్పుట, గాలి మళ్ళుటనుబట్టి వల వేయవలసిన చోటు నిర్ణయించుట, నీటిపైని చిన్న కదలికచేతనే చేపల గుంపును కనిపెట్టుట పుస్తకములలో దొరకు విద్యలు కావు. చిన్ననాట తండ్రి ప్రక్కన కూర్చుండి నేర్చినవి. ఆ విద్యయందు మమకారము గలవానికి నేలపైని కూలిపని రుచింపదు. తన తీరమున చేప తగ్గినప్పుడు వృత్తి మార్చుకొనుటకంటె ఊరు మార్చుకొనుటకే అతడు సిద్ధపడును.

అంతట ఇంటిలో ఒక ప్రశ్న పుట్టును. "నేనును పిల్లలును వెంట వత్తుమా? లేక మిమ్ము పంపి మేమిచ్చటనే యుందుమా?" అని ఇల్లాలు అడుగును. ఆ ప్రశ్నకు చెప్పుకొనిన సమాధానమునుబట్టియే ఆ కుటుంబముయొక్క భావి నిర్ణయమగునని, తెలుగు జాలరులు పోయిన కొన్ని చోటులను పరిశీలించినచో తెలియగలదు.

పూరీతీరమున

జగన్నాథస్వామి దర్శనమునకు పూరీ పోయిన మన యాత్రికురాండ్రు సముద్రస్నానమునకు దిగినప్పుడు, తమ చేయి పట్టుకొని అలలను దాటించువారు తమలో తాము తెలుగున మాటలాడుకొనుట విని ఆశ్చర్యపడుదురు. వీరిని ఆ ప్రాంతమువారు నోలియాలందురు. వీరి పూర్వులు తరతరముల క్రిందట తెలుగు తీరమునుండి చేపలకొరకు ఉత్తరముగా పోయినవారు. పూరీపట్టణము నంటియున్న పెంఠకట అను పేట వీరిది. ఒడిశాతీరమునందలి పెద్ద జాలరిపేటలలో నది యొకటి.

వీరినచ్చట నిలిపినది వీరి తెప్ప. ఒడియా జాలరులలో పెక్కుమంది చిలుకసరస్సునను నదీముఖములందును వేటాడుటకు అలవాటుపడినవారు. రేవు లేని బట్టబయలు తీరమున, ఎత్తుగా లేచి విరుగు అలలను దాటి సముద్రములోనికి పోవు నేర్పు తెలుగువారికి పుట్టినింటి విద్య. నాలుగైదు దుంగలను త్రాళ్లతో బిగించి కట్టినదే తెప్ప. అల దానిమీదనుండి పొరలిపోయినను అది మునుగదు. ఒడ్డు చేరిన పిమ్మట కట్లు విప్పి దుంగలను ఎండబెట్టుకొనవచ్చును. కాలక్రమమున ఇంజనుపడవలు వచ్చినవి గాని ఆ తీరమున తొలుత అడుగుపెట్టించినది ఆ తెప్పయే.

అయితే తెప్ప మాత్రమే పోయియుండినచో పెంఠకట యను పేట ఏర్పడియుండదు. తెప్పవెంట తట్టయు పోయినది. పడవ ఒడ్డు తగులగనే పురుషుని పని ముగియును, స్త్రీ పని ప్రారంభమగును. చేపలను జాతులవారీగ ఏరుట, బేరమాడుట, తట్ట తల కెత్తుకొని వీథులవెంట అమ్ముట, మిగిలినదానికి ఉప్పు పట్టించి ఇసుకపై ఎండబెట్టుట ఆమె వంతు. ఆ తట్ట తిరిగిన వీథులలోనే ఆమె పరభాష నేర్చినది. ఇంటికి కావలసిన చుట్టరికములు సంపాదించినది. పిల్లలు బడిలో ఒడియా చదివినను ఇంటిలో తెలుగు నిలిచినది. 2019 మే 3వ తేదీన పూరీ చెంత తీరము దాటిన ఫణి తుపాను ఆ పేటను మిక్కిలి దెబ్బతీసినది. అయినను ఆ జనులు చెదరిపోక మరల అచ్చటనే నిలద్రొక్కుకొనిరి. 2024లో శ్రీవిజయపురమని పేరు మార్చబడిన అండమాను దీవుల రాజధాని పోర్టు బ్లెయిరులోని జంగ్లీఘాటునందును ఇట్లే కుటుంబములతో పోయి స్థిరపడిన తెలుగు జాలరులు గలరు.

కృష్ణానది నడుమ

తీరమువాడు తీరమునకు పోవుట వింత కాదు. సముద్రము విడిచి కొండల నడుమకు వచ్చిన జాలరులు మన తెలంగాణములోనే యున్నారు. కృష్ణానదిపై నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదలిరి. ఆనకట్ట వెనుక నీరు నిలిచి, లోయలు సముద్రమువలె మారెను. ఆ వార్త విశాఖతీరమునకు చేరినది. అచ్చటి జాలరికుటుంబములు కొన్ని వలలు మూటగట్టుకొని వచ్చి నీటియొడ్డున గుడిసెలు వేసికొనినవి. నల్లగొండ జిల్లా నేరేడుగొమ్ము మండలమునందలి ఆ చోటునకు నేటికిని వైజాగ్ కాలనీ యనియే పేరు. ఇప్పుడు సెలవుదినములలో పట్టణములవారు ఆ నీటియందము చూచుటకును, చేపలు తినుటకును అచ్చటికి పోవుచున్నారు.

ఉప్పునీటివాడు మంచినీటికి వచ్చినప్పుడు క్రొత్తగా నేర్వవలసినది చాల గలదు. ఇచ్చట ఆటుపోటులు లేవు, అలలు విరుగవు. వంజరము, చందువ, కానాగంతలకు బదులు బొచ్చె, రవ్వ, వాలుగ, జెల్ల దొరకును. సాయంకాలము నీటిలో నిలువుగా వల కట్టి, తెల్లవారుజామున పోయి తీయవలెను. తెప్పకు బదులు పుట్టి నడుపవలెను. నీటి క్రింద మునిగిన చెట్ల మోడులు వలలను చింపును. స్త్రీకి మాత్రము పని మారదు. చేపను ఏరుట, ఎండబెట్టుట, చినిగిన వలను అల్లుట, లెక్క చూచుట ఏ నీటియొడ్డుననైనను ఒక్కటియే.

పడమటి సముద్రమునకు

ఇక మూడవ విధమైన వలస. శ్రీకాకుళము మొదలగు ఉత్తరాంధ్ర జిల్లాలనుండి యేటేట వేలాది పురుషులు గుజరాతులోని వేరావలు రేవునకు పోవుచున్నారు. వర్షకాలపు వేటనిషేధము తొలగగనే బయలుదేరి వేసవిలో తిరిగి వత్తురు. పడవ వారిది కాదు. వల వారిది కాదు. పడవ యజమాని ముందుగా ఇచ్చు బయానా సొమ్మును ఇంటిలో పెట్టి, తండేలు క్రింద కూలివారై పోవుదురు. స్త్రీలు ఊరనే యుందురు. చేప ఒడ్డుకు వచ్చు చోట వారు లేరు గనుక తట్టకు పని లేదు. నెలల తరబడి సముద్రముపైనుండు భర్తయొక్క క్షేమసమాచారము తప్ప వారికి వేరు ఆశ లేదు.

2018 నవంబరులో అట్లు పోయిన మన జాలరులు 22 మంది, నీటిపై కనబడని సరిహద్దు దాటిరన్న కారణమున పాకిస్థానువారిచే పట్టువడి కరాచీలో చెరసాల పాలైరి. ఇచ్చట వారి భార్యలును తల్లులును అర్జీలు చేతబట్టుకొని అధికారుల గుమ్మములు తిరిగిరి. సంవత్సరము దాటిన పిమ్మట, 2020 జనవరి 6వ తేదీన, 20 మంది వాఘా సరిహద్దున విడుదలయిరి. తక్కిన యిద్దరును పిమ్మట వచ్చిరి. ఆ యుదంతము ఆధారముగా 2025లో "తండేలు" అను చలనచిత్రము వచ్చినది. సంపాదించువాడు చెరలో నున్న ఆ పదునాలుగు మాసములు పొయ్యి ఎట్లు వెలిగించుకొనిరో ఆ తల్లులకే తెలియును. పుస్తెలమ్మియైనను పులస తినవలెనని గోదావరి ప్రాంతములవారు వేడుకకు చెప్పుకొందురు. పురుషుడు దూరదేశమున చిక్కుకొన్న ఇంటిలో పుస్తెలు తాకట్టునకు పోవుట వేడుక మాట కాదు.

పురుషుని శ్రమ మూడుచోట్లను ఒక్కటియే. భేదమంతయు తట్టలో నున్నది. వలవెంట తట్ట పోయినచోట పేట నిలిచినది. పోనిచోట నిరీక్షణము మిగిలినది.

నస్పూరు నీరు

ఇప్పుడు మన గోదావరికి వత్తము. నస్పూరునకు ఎగువన శ్రీపాద ఎల్లంపల్లి జలాశయము గలదు. అందు పట్టు నీరు 20 టీఎంసీలకు పైబడును. రామగుండము విద్యుత్కేంద్రమునకును హైదరాబాదు త్రాగునీటికిని అదియు నొక ఆధారము. 2016 మొదలు తెలంగాణప్రభుత్వము చెరువులలోను జలాశయములలోను చేపపిల్లలను ఉచితముగా విడిపింపసాగినది. ఆ యేడాదియే కొరమేను రాష్ట్రపు చేపగా ప్రకటింపబడినది. నది మొగమున క్రొత్త నీరు, నీటిలో క్రొత్త చేప, ప్రక్కనే నెలజీతములు గల గనికార్మికుల పట్టణము! చేపలవేటయందు మక్కువ గలవానికి ఇంతకంటె మంచి చోటెక్కడ నని తోచును.

అయితే నిలువనీరు నమ్మదగినది కాదు. కాళేశ్వరము పథకమున 2019లో సుందిళ్ల ఆనకట్ట వెనుక నీరు నిలిచినది. 2023 అక్టోబరులో దిగువనున్న మేడిగడ్డ ఆనకట్ట స్తంభములు క్రుంగిన పిమ్మట సుందిళ్ల, అన్నారము ఆనకట్టల నీటిని కూడ వదలివేయవలసి వచ్చినది. నీటిని చూచి వలలు కొనినవాని గతి యేమి? అదియును గాక నీరు అందరిదిగా కనబడినను, వేటహక్కు అందరిది కాదు. తరతరములుగా ఆ యొడ్డుననున్న గంగపుత్రులు, ముదిరాజులు మొదలగువారి సహకార సంఘములకు అందు భాగము గలదు. క్రొత్తవాడు వారిని కాదని వల వేసినచో కలహమే ఫలము.

కావున భర్త "ఊరు మారుదము" అన్నప్పుడు ఇల్లాలు కన్నీరు పెట్టుకొనుటకును, మారుమాటలేక మూట గట్టుటకును ముందు కొన్ని సంగతులు విచారింపవలెను. మొదటిది, ఆ నీటిపై వేటకు అనుమతి ఎవరిచేతిలో నున్నది, సంఘములో సభ్యత్వము దొరకునా అని. రెండవది, పడవకును వలకును సొమ్మెక్కడిది అని. వర్తకుడు బయానా ఇచ్చినచో చేప అతనికే, అతడు చెప్పిన ధరకే పోవును; 2018-19 మొదలు కిసాన్ క్రెడిట్ కార్డు చేపలవారికిని వర్తించుచున్నది గనుక బ్యాంకునందు ముందు అడుగుట మేలు. మూడవది, ప్రమాదపు భీమా. 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్యసంపద యోజనయందు నమోదైన జాలరి ప్రమాదమున మరణించినచో కుటుంబమునకు 5 లక్షల రూపాయలు వచ్చును. పేరు నమోదు కానిదే ఏమియు రాదు. నాలుగవది, వేట లేని దినములు. తొలకరి వానలలో చేప గ్రుడ్లు పెట్టు కాలమున వల ఎత్తివేయవలెను. తూర్పుతీరమున ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు 61 దినములు ఇంజనుపడవలకు వేట నిషేధము. ఆ దినములకు గింజలు ముందుగనే ఇంటిలో నుండవలెను. అయిదవది అన్నిటికంటె ముఖ్యము. తాను తట్ట పెట్టుకొని కూర్చుండుటకు ఆ యూరి బజారులో చోటు గలదా అని అడుగవలెను.

ఈ చివరి ప్రశ్న అడుగుటకు మనలో పలువురు సంకోచింతురు. చేపల తట్ట అనగా నీచు వాసన యని ముక్కు మూసికొనువారు నేటికిని గలరు. ఆదివారమున బజారులో మనము బేరమాడి, పావలా తగ్గింపుమని గీచి గీచి అడుగు ఆ స్త్రీ, తన యింటికి కోశాధికారిణి. ఆమె చేతికి వచ్చిన సొమ్ము బడిజీతమునకు, మందులకు, బియ్యమునకు పోవును. ఆమెకు నీడ, నీళ్లకుళాయి, చేపలు చెడకుండ మంచుగడ్డ, కూర్చుండుటకు ఎత్తైన అరుగు ఉన్న బజారు కట్టించుట పురపాలకులకు పెద్ద పని కాదు. గనికార్మికుని జీతపుపుస్తకము అతని ఇంటికి ఎట్టి ఆధారమో, ఆ అరుగు జాలరి ఇంటికి అట్టి ఆధారము.

నీటిపై మమకారముగల పురుషుని ఒడ్డున కట్టివేయుట ఎవరితరమును కాదు. కట్టివేయవలసిన పనియు లేదు. అతడు వల భుజమున వేసికొని బయలుదేరునప్పుడు తట్టకు కూడ బండిలో చోటుండవలెనని మాత్రము ఇల్లాలు పట్టుపట్టవలెను.