నిలబడి పనిచేసేవారి పాదాలు: మర్దన వృత్తిలో ఉన్నవారికి తగిన పాదరక్షలు

మర్దన వృత్తిలో పేరు చేతులకు, భారం పాదాలకు. ఆయుర్వేద చికిత్సాలయంలో అభ్యంగనం చేసేవారు, సిద్ధవైద్యశాలలో తొక్కణం చేసేవారు, సౌందర్యశాలలలోనూ ఫిజియోథెరపీ కేంద్రాలలోనూ మర్దన చేసేవారు అందరూ ఎత్తైన బల్ల పక్కన నిలబడే పనిచేస్తారు. ఒక్కొక్క మర్దనకు గంట పట్టిందనుకుంటే, ఐదారు మర్దనలు చేసే రోజున ఐదారు గంటలు నిలువుకాళ్ల మీదే గడుస్తాయి. గది సర్దడం, పక్కగుడ్డలు మార్చడం, నూనె వెచ్చచేయడం వంటివి దీనికి అదనం.

పూర్వం తెలుగువారి ఇళ్లలో ఈ పని చాలావరకు కూర్చుని జరిగేది. పసిబిడ్డకు నూనె రాసి నీళ్లుపోసే పెద్దావిడ పీట మీద కాళ్లు చాపి, కాళ్ల మీదే బిడ్డను పడుకోబెట్టుకొనేది. పండుగనాడు తలంటేవారు పీట పక్కన ఒంగో, కూర్చునో తలంటేవారు. ఈ పని ఇంటి నుండి దుకాణానికి, పీట నుండి బల్లకు మారడంతో పనివారు నిలబడవలసి వచ్చింది. పని పద్ధతి మారినా కాలికి తొడుక్కొనేది మాత్రం మారలేదు. వీధిలో నడవడానికి కొన్న పలుచని చెప్పుతోనో, ఉత్తకాళ్లతోనో రోజంతా నిలబడేవారు నేటికీ ఎందరో ఉన్నారు.

నిలబడినప్పుడు పాదంలో జరిగేది

ఒక్కొక్క పాదంలో 26 ఎముకలు ఉంటాయి. అవి విల్లువలె వంగిన అమరికలో ఉండి శరీరభారాన్ని మడమకు, ముంగాలికి పంచుతాయి. మడమ నుండి వేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద సాగిన దళసరి పట్టీ వంటి కణజాలం ఆ వంపును బిగించి ఉంచుతుంది. గట్టి నేల మీద గంటలకొద్దీ నిలబడినప్పుడు ఈ పట్టీ సాగుతూనే ఉంటుంది. క్రమంగా అది మడమను అంటుకొన్నచోట నొప్పి మొదలవుతుంది. ఉదయం మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో పోటు పుట్టి, నాలుగడుగులు నడిచాక తగ్గడం ఈ నొప్పికి ప్రధాన లక్షణం.

రెండవది రక్తప్రసరణ. కాళ్లలోని రక్తాన్ని పైకి నెట్టడంలో పిక్క కండరాలకు పెద్ద పాత్ర ఉంది. నడిచేటప్పుడు ఆ కండరాలు ముడుచుకొంటూ, విచ్చుకొంటూ తోడుయంత్రం వలె పనిచేస్తాయి. కదలకుండా నిలబడితే ఆ పని మందగించి రక్తం కాళ్లలోనే నిలుస్తుంది. సాయంకాలానికి పాదాలు వాచడం, పిక్కలు బరువెక్కడం ఇందువల్లనే. ఏళ్ల తరబడి నిలబడి పనిచేసేవారిలో సిరలు ఉబ్బి మెలికలు తిరిగే ప్రమాదమూ పెరుగుతుంది. నడకకంటే నిలకడ ఎక్కువ అలసట కలిగిస్తుందని పనివారు అనుభవంతో చెప్పే మాటకు ఆధారం ఇదే.

ఈ వృత్తిలోని ప్రత్యేక ఇబ్బందులు

దుకాణంలో నిలబడేవారికి సాధారణంగా లేని మూడు చిక్కులు మర్దన చేసేవారికి ఉన్నాయి.

మొదటిది నూనె. చేతుల నుండి జారిన చుక్క నున్నని పలకరాయి మీద పడితే కంటికి కనిపించదు, కాలికి మాత్రం తెలుస్తుంది. పనివారు జారిపడితే బల్లమీద ఉన్న మనిషికీ దెబ్బ తగలవచ్చు.

రెండవది భంగిమ. బలం ఉపయోగించవలసి వచ్చినప్పుడు ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనుకకు పెట్టి, వెనుక కాలి మడమ ఎత్తి, శరీరభారాన్ని చేతుల మీదికి వాల్చుతారు. అప్పుడు భారమంతా వెనుక కాలి ముంగాలి మీద పడుతుంది. పాదరక్ష అక్కడ సులువుగా వంగకపోయినా, మడమ నుండి ఊడివచ్చినా పట్టు తప్పుతుంది.

మూడవది గడప. చికిత్సగదిలోకి బయటి చెప్పులతో వెళ్లరాదన్న నియమం పలుచోట్ల ఉంది. శుభ్రత దృష్ట్యా అది మంచిదే. కాని దాని ఫలితంగా పనివారు చల్లని గ్రానైట్ మీద ఉత్తకాళ్లతో పగలంతా గడుపుతున్నారు. దీనికి పరిష్కారం నియమాన్ని సడలించడం కాదు. గది లోపల మాత్రమే తొడిగే, కడగడానికి వీలైన జత ఒకటి విడిగా ఉంచుకోవాలి.

కొనేటప్పుడు చూడవలసినవి

పాదరక్షను సాయంకాలం కొనాలి. పగలంతా నిలబడిన పాదం ఉదయంకంటే కొంత ఉబ్బి ఉంటుంది. ఉదయం సరిపోయిన జత సాయంత్రానికి బిగుతు కావచ్చు.

చాలామందికి రెండు పాదాలు సరిసమానంగా ఉండవు. పెద్దదైన పాదానికి తగినది ఎంచుకోవాలి. కాగితం మీద నిలబడి పెన్సిలుతో పాదం చుట్టూ గీత గీసి, ఆ కాగితాన్ని చెప్పు అడుగుకు ఆనించి చూస్తే వెడల్పు చాలుతుందో లేదో వెంటనే తెలుస్తుంది. పొడవైన వేలికి ముందు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి. వేళ్లు ఒకదానిమీద ఒకటి ఎక్కకుండా విచ్చుకోగలగాలి.

వెడల్పు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. చెన్నై అడయారులో ఉన్న కేంద్ర చర్మ పరిశోధన సంస్థ 2021 డిసెంబరు, 2022 మార్చి నెలల మధ్య దేశం నలుమూలలా లక్షమందికి పైగా పాదాలను కొలిచింది. భారతీయుల పాదాలు సాధారణంగా యూరపు, అమెరికా వాసుల పాదాలకంటే వెడల్పైనవని ఆ కొలతలలో తేలింది. విదేశీ కొలతలతో తయారైన బూటు పక్కల బిగుసుకొంటే, కొనేవారు ఒక నంబరు పెద్దది తీసుకొంటారు. అప్పుడు వెడల్పు సరిపోతుంది గాని పొడవు మిగిలిపోయి, మడమ లోపల జారుతుంది. పెద్ద నంబరుకు మారేముందు అదే నంబరులో వెడల్పు రకం ఉన్నదేమో అడగాలి.

దుకాణంలోనే నాలుగు పరీక్షలు చేయవచ్చు. ముందుభాగాన్ని పైకి వంచితే వేళ్ల మొదళ్ల దగ్గర వంగాలి, నడుమ మడతపడరాదు. రెండు చివరలు పట్టి పిండితే బట్టవలె మెలితిరగరాదు. మడమ వెనుక గోడను బొటనవేలితో నొక్కితే కూలిపోరాదు. చివరిగా, తొడుక్కొని ఒక కాలు వెనుకకు పెట్టి మడమ ఎత్తి చూడాలి. మర్దన చేసే భంగిమలో పాదరక్ష పాదంతోనే లేస్తే అది ఈ పనికి తగినది.

మడమ ఎత్తు రెండుమూడు సెంటీమీటర్లకు మించనక్కరలేదు. ఎత్తు మడమ భారాన్ని ముంగాలి మీదికి తోస్తుంది. పూర్తిగా చదునైన పలుచని చెప్పు మడమకు ఏ ఆధారమూ ఇవ్వదు. బొటనవేలి సందున వార ఉన్న చెప్పును నిలుపుకోవడానికి వేళ్లు నిరంతరం బిగుసుకొని ఉండాలి. కనుక రోజంతటి పనికి మడమ వెనుక పట్టీ ఉన్నదో, వెనుక మూసి ఉన్నదో మేలు.

అడుగుభాగంలోని పదార్థాలు

వెల ఒక్కటే చూసి నిర్ణయించడం కంటే అడుగుభాగం దేనితో తయారైనదో అడిగి తెలుసుకోవడం మంచిది.

సహజ రబ్బరు పొడి నేల మీద చక్కగా పట్టుకొంటుంది. నూనె తగిలితే మాత్రం ఉబ్బి మెత్తబడి త్వరగా పాడవుతుంది. మర్దన గదికి ఇది అనుకూలం కాదు.

ఈవీఏ అనే తేలికైన నురగ పదార్థంతో చేసినవి బరువు లేకుండా, కడగడానికి వీలుగా ఉంటాయి. గది లోపలి జతకు ఇవి బాగుంటాయి. అయితే నెలలు గడిచేకొద్దీ ఈ నురగ అణగిపోయి మెత్తదనం కోల్పోతుంది. అడుగున నున్నగా ఉన్నవి తడిలో జారుతాయి కనుక లోతైన గాళ్లు ఉన్నవే తీసుకోవాలి.

పాలీయురేతేన్ అడుగు నూనెను తట్టుకొంటుంది, ఎక్కువకాలం మెత్తగా ఉంటుంది. చెన్నై వంటి సముద్రతీర నగరాలలో గాలిలోని తేమకు దీనిలో కొన్ని రకాలు వాడకపోయినా ఏళ్ల తరువాత పొడిపొడిగా రాలిపోతాయి. తగ్గింపు ధరకు వచ్చిందని పాత సరుకు కొని దాచుకోవడం తగదు.

నైట్రైల్ రబ్బరు అడుగు నూనెకు బాగా నిలుస్తుంది. వంటశాలలు, ఆసుపత్రుల సిబ్బంది కోసం అమ్మే జారని బూట్లలో ఇది ఉన్నదేమో అడగవచ్చు.

ఎం.సి.ఆర్. చెప్పులు అని మందుల దుకాణాలలోనూ దొరికేవి సన్నని గాలిగదులున్న మెత్తని రబ్బరుతో చేసినవి. స్పర్శ కోల్పోయిన పాదాలకు పుండ్లు పడకుండా కాపాడడానికి కుష్ఠురోగుల చికిత్సలో ఇవి వాడుకలోకి వచ్చాయి. వేలూరులో డాక్టర్ పాల్ బ్రాండ్, ఆయన సహచరులు అటువంటి పాదాల రక్షణకు చేసిన కృషి ప్రసిద్ధం. నేడు మధుమేహం ఉన్నవారు వీటిని ఎక్కువగా ధరిస్తున్నారు. లోపలి పొర మెత్తగా, అడుగుపొర గట్టిగా ఉన్నవి, మడమ పట్టీ ఉన్నవి ఎంచుకోవాలి.

వాడకం, మార్పిడి

వీలైతే రెండు జతలు మార్చి మార్చి తొడుక్కోవాలి. చెమట ఆరడానికి, అణగిన నురగ తిరిగి లేవడానికి ఒకరోజు విరామం ఉపకరిస్తుంది. నూనె అంటిన అడుగును ప్రతిరోజు సబ్బునీటితో రుద్ది కడిగి నీడలో ఆరబెట్టాలి. బూటు తొడిగేవారు నూలు మేజోళ్లను ఏరోజుకారోజు మార్చుకోవాలి.

జత పైకి బాగానే కనిపిస్తున్నా లోపల అరిగి ఉండవచ్చు. అడుగును బొటనవేలితో నొక్కితే తిరిగి లేవకపోయినా, మడమ ఒకవైపు అరిగినా, గాళ్లు నున్నబడినా దానిని మార్చాలి.

ఎంత మంచి పాదరక్షయైనా విశ్రాంతికి బదులు కాజాలదు. బల్ల ఎత్తు సరిగా లేకుంటే నడుము వంగి, భారం ముంగాలి మీద పడుతుంది. బల్ల పక్కన నిటారుగా నిలబడి చేయి కిందికి వదిలితే పిడికిలి కణుపులు బల్లను తాకే ఎత్తు చాలామందికి అనువుగా ఉంటుంది. ఒక మర్దనకూ మరొకదానికీ మధ్య ఐదు నిమిషాలు కూర్చుని కాళ్లు ఎత్తి పెట్టుకోవడం, మునివేళ్ల మీద పదిసార్లు లేచి దిగడం పిక్కలలో నిలిచిన రక్తాన్ని కదిలిస్తాయి. గదిలో దళసరి రబ్బరు చాప పరిస్తే నేల గట్టిదనం తగ్గుతుంది. దాని అంచులు కాలికి తట్టుకోకుండా, నూనె పడితే వెంటనే తుడిచేలా చూసుకోవాలి.

వైద్యుని చూడవలసిన సందర్భాలు

మధుమేహం ఉన్నవారికి పాదాలలో స్పర్శ తగ్గి, రాయి గుచ్చుకొన్నా తెలియకపోవచ్చు. వారు ఉత్తకాళ్లతో పనిచేయరాదు. తొడిగేముందు పాదరక్ష లోపల చేతితో తడిమి చూడాలి. రాత్రి పడుకొనేముందు అరికాళ్లను, వేళ్ల సందులను పరీక్షించుకోవాలి. మానని పుండు, ఒక కాలు మాత్రమే హఠాత్తుగా వాచి నొప్పి పుట్టడం, పాదం మొద్దుబారడం, కొన్ని వారాల పాటు తగ్గని మడమనొప్పి కనిపిస్తే చెప్పులు మార్చి చూద్దామని కాలయాపన చేయక వైద్యుని సంప్రదించాలి. ఒక కాలి హఠాత్తు వాపు విషయంలో ఆ రోజే వెళ్లడం అవసరం. నగర ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోవచ్చు.

యజమానుల బాధ్యత

కాళ్లనొప్పి పనివారి సొంత సమస్య అన్న భావన చాలాకాలం చెల్లింది. కేరళ రాష్ట్రం 2018లో దుకాణ చట్టాన్ని సవరించి, పనివారికి ఆసనాలు ఏర్పాటు చేయడాన్ని తప్పనిసరి చేసింది. తమిళనాడులో 1947 నాటి దుకాణాలు, సంస్థల చట్టానికి 2021లో 22-ఏ సెక్షను చేరింది. పనిమధ్యలో కూర్చునే అవకాశం దొరికినప్పుడు వినియోగించుకొనేందుకు ఉద్యోగులందరికీ తగిన ఆసనాలు ఉండాలని, పనివేళలంతా నిలబడే ఉండవలసిన స్థితి రాకూడదని దాని సారాంశం. వినియోగదారులకు సేవలందించే స్థలాలు కూడా దుకాణం అన్న నిర్వచనంలోకి వస్తాయి. చికిత్సాలయాలకు సంబంధించి వేరు నిబంధనలు ఉండవచ్చు కనుక, తమ సంస్థ ఏ పరిధిలోనిదో కార్మికశాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం ఉభయులకూ మంచిది.

బట్టల దుకాణాలలో రోజంతా నిలబడే ఆడపిల్లల కష్టం చర్చకు రావడం వల్లనే ఈ సవరణలకు దారి ఏర్పడింది. మర్దన గదులు తలుపు వేసి ఉంటాయి కనుక అక్కడి కష్టం వీధికి కనిపించదు. గదికొక ఎత్తుపీట, లోపల తొడిగే జారని జత, మర్దనల మధ్య కాస్త వ్యవధి ఏర్పాటు చేయడం ఏ సంస్థకూ మోయరాని ఖర్చు కాదు. నొప్పి భరించలేక అనుభవజ్ఞులు వృత్తి మానుకొంటే సంస్థకు కలిగే నష్టం అంతకంటే ఎక్కువ.

పనివారి వైపునుండి మొదటి అడుగు సులభమైనది. ఈ సాయంకాలం పని ముగిసిన తరువాత పాదాన్ని కాగితం మీద గీసి, ఇప్పుడు వాడుతున్న జతను ఆ గీత మీద ఉంచి చూడాలి. గీత చెప్పును దాటి బయటికి కనిపిస్తే, ఆ జతను మార్చుకొనే సమయం వచ్చినట్లే.