భీమిలి వెళుతున్నారా? కొంచెం ఆగండి!

"మావయ్యా! బాలూ, స్వప్నా పేర్లు రాసుకున్న గోడ ఎక్కడుంది?"

హైదరాబాదు నుంచి మా మేనకోడలు ఫోన్లో వేసిన మొట్టమొదటి ప్రశ్న ఇది. ఎలా వున్నావని లేదు, అత్తయ్య బాగుందా అని లేదు! సెల్‌ఫోన్లో రెండు విడతలుగా 'మరోచరిత్ర' చూసిందట. రెండో విడత ఏడుస్తూ చూసిందట. ఇక ఆ సముద్రాన్నీ, ఆ శిథిలాలనీ కళ్ళారా చూస్తేగాని నిద్రపట్టదట. "వచ్చే శనివారం వస్తున్నాం. నేనూ, నా ఫ్రెండ్స్ ఇద్దరూ. ఒక్కరోజులో భీమిలి మొత్తం చూపించెయ్యాలి" అని ఆర్డరు వేసింది.

నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే 1985లో సరిగ్గా ఇలాగే నేనూ బయల్దేరాను. ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకుంటున్న రోజులు. ఊళ్ళో ఓ థియేటర్లో 'మరోచరిత్ర' మళ్ళీ వేశారు. ఉదయం ఆట చూసి హాస్టలుకి కూడా పోకుండా నలుగురం బస్సెక్కేశాం. చేతిలో డబ్బుల్లేవు, కడుపులో తిండి లేదు, తలలో మాత్రం కమలహాసనూ సరితా తిరుగుతున్నారు! ఆ రోజు నేను భీమిలిలో ఒక పాడు పని చేశాను. అది తర్వాత చెప్తాను.

బాలచందర్ గారు 1978లో ఆ సినిమా తీసినప్పుడు రంగుల చిత్రాలు జోరుగా వస్తున్నాయి. ఆయన మాత్రం నలుపు తెలుపుల్లోనే తీశారు. సరితకి అదే తొలి చిత్రం. అరవ అబ్బాయి, తెలుగు అమ్మాయి, మధ్యలో విశాఖ సముద్రం. డబ్బింగ్ చెప్పకుండా, తెలుగు మాటలతోనే మద్రాసులో ఏడాదికి పైగా ఆడిందంటే ఊహించుకోండి! 1981లో ఆయనే దాన్ని హిందీలో 'ఏక్ దూజే కే లియే'గా తీసినప్పుడు కథని గోవాకి పట్టుకుపోయారు. గోవాకి గోవా అందం వుంది, కాదనను. కానీ ఒకసారి విశాఖ కెరటాల్ని నలుపు తెలుపుల్లో చూసినవాడికి ఆ రంగులు ఆనవండీ!

తొమ్మిది చోట్ల లిస్టు

శుక్రవారం రాత్రి రైలు దిగుతూనే మేనకోడలు ఫోన్ తీసి లిస్టు చదివింది. ఎర్రమట్టి దిబ్బలు, తొట్లకొండ, బావికొండ, పావురాళ్ళకొండ, డచ్చివాళ్ళ సమాధులు, గంటస్తంభం, లైట్‌హౌసు, చర్చి, గోస్తని సంగమం. మొత్తం తొమ్మిది. మధ్యలో భోజనం లేదు, కూచోవడం లేదు.

"అమ్మాయ్, ఇది యాత్రా, పరుగు పందెమా?" అన్నాను.

"మళ్ళీ ఎప్పుడొస్తామో మావయ్యా!"

ఇదే తంటా. విశాఖకి పాతిక ముప్ఫై కిలోమీటర్ల దూరంలోనే వుంది గదా అని భీమిలిని అందరూ సాయంకాలపు షికారులా చూస్తారు. కార్లో వస్తారు, సముద్రాన్ని వెనకాల పెట్టుకుని నాలుగు ఫోటోలు దిగుతారు, వెళ్ళిపోతారు. అసలు ఊళ్ళోకి అడుగుపెట్టినవాళ్ళు ఎంతమంది?

పెన్ను తీసుకుని అయిదు కొట్టేశాను. నాలుగు మిగిలాయి: పొద్దున్నే ఎర్రమట్టి దిబ్బలు, తర్వాత ఊరు, ఎండ తగ్గాక పావురాళ్ళకొండ, సాయంత్రం గోస్తని సముద్రంలో కలిసే చోటు. తొట్లకొండ, బావికొండ దారిలోనే వున్నా ఆగొద్దన్నాను. అక్కడి బౌద్ధారామాలకి విడిగా ఒక పూట కావాలి. తొట్లకొండ గురించి ఒక్క ముక్క మాత్రం చెప్తా. 1970లలో నేవీవాళ్ళు విమానంలోంచి సర్వే చేస్తుంటే ఆ శిథిలాలు బయటపడ్డాయి. వెయ్యేళ్ళకి పైగా మన కాళ్ళ దగ్గరే వుండి, చివరికి ఆకాశంలోంచి కనిపించాయి!

మీరు వెళ్ళేటట్టయితే నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా హాయి. అక్టోబరు అంటే తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ తీరాన్ని ఏం చేసిందో విశాఖవాళ్ళనెవర్ని అడిగినా చెప్తారు. ఏప్రిల్, మే నెలల్లో తాటిముంజలు దొరుకుతాయిగాని ఎండకి మీరే ముంజల్లా అయిపోతారు. బస్సెక్కేటప్పుడు "బీచ్ రోడ్డు మీదుగానేనా?" అని కండక్టర్ని అడిగి మరీ ఎక్కండి. లోపలి దారిన పోయే బస్సు ఎక్కారో, సముద్రం కనపడదు, మేడలు కనపడతాయి.

ఎర్రమట్టిలో జారిన హీరో

ఏడింటికల్లా దిబ్బల దగ్గరున్నాం. చెప్పొద్దూ, ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. ఒక పక్క నీలం సముద్రం, ఇంకో పక్క కుంకుమరాశుల్లా ఎర్రటి గుట్టలు. వాటి మధ్య వాన కోసిన లోతైన కాలవలు. అందులోకి దిగితే ఆకాశం ఒక చీలికలా కనిపిస్తుంది. పాటలకీ ఫైట్లకీ మన కెమెరామెన్లు ఇక్కడికి పరిగెత్తుకొచ్చారంటే రారూ మరి!

ఇది రాయి కాదు, ఇసుక. మంచుయుగం నాటికి సముద్రం ఇప్పటికంటే చాలా దూరం వెనక్కి వుండేది. బయటపడ్డ ఇసుకని గాలి వేల ఏళ్ళపాటు ఎత్తుకొచ్చి ఇక్కడ పోసింది. ఇసుకరేణువుల మీద ఇనుము తుప్పులా పట్టి ఎర్రబారింది. దక్షిణాసియాలో ఇలాంటివి తమిళనాడు తీరంలో, శ్రీలంకలో, మళ్ళీ ఇక్కడ మాత్రమే చెప్పుకోదగ్గవి. భారత భూవిజ్ఞాన సర్వే వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025 సెప్టెంబరులో యునెస్కో వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కాయి.

ఇదంతా నేను లెక్చరు దంచుతుండగానే వెనకాల "ధబ్" మని చప్పుడు.

మేనకోడలి స్నేహితుడొకడు దిబ్బ అంచున నుంచుని రీలు తీయించుకుంటున్నాడు. హీరోలా ఒక్క పరుగు పరిగెత్తాడు. కాలికింద మూరెడు అంచు విరిగి వాడితోపాటు కిందికి జారింది. అదృష్టం, లోతు ఎక్కువ లేదు. తెల్ల ప్యాంటు ఎర్రప్యాంటయి కూచున్నాడు. ఆడపిల్లలిద్దరూ పగలబడి నవ్వారు. నేను మాత్రం కోప్పడ్డాను. వాడి నడుం విరిగుంటే వాళ్ళమ్మకి ఏం చెప్పాలి? నడుం సంగతి అలా వుంచండి, ఆ విరిగిన అంచుని మళ్ళీ ఎవరు పెడతారు? ఒక్కడి కాలికింద మూరెడు పోతే, రోజుకి వందలమంది ఎక్కి తొక్కితే ఎంత పోతుంది? దానికి తోడు మట్టి తవ్వుకుపోయేవాళ్ళు వేరే. కాబట్టి నాయనా, నడవడానికి కాలవల అడుగున దారి వుంది, అందులో నడవండి. అంచులెక్కకండి. పక్కనే ఐ.ఎన్.ఎస్. కళింగ నేవీ స్థావరం వుంది. డ్రోన్లూ గీన్లూ ఎగరేసి లేనిపోని చిక్కు తెచ్చుకోకండి.

రైలు రాని ఊరు

అక్కణ్ణుంచి ఆటోలో ఊళ్ళోకి వచ్చాం. భీముడు బకాసురుణ్ణి చంపింది ఇక్కడేనని ఊళ్ళో కథ. చరిత్రకి వస్తే, పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్ళు, అదే మన పెద్దవాళ్ళు వలందులనేవారు, వచ్చి ఇక్కడ వర్తకం పెట్టుకున్నారు. 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ళ చేతికి మారింది. 1861లోనే మునిసిపాలిటీ అయింది. దేశంలోనే అతి పాత మునిసిపాలిటీల్లో ఒకటి! (ఇప్పుడు విశాఖ మహానగరపాలక సంస్థలో కలిసిపోయింది.) ఒకప్పుడు ఓడలు లంగరేసిన రేవు. మరి ఇంత చిన్నదిగా ఎందుకుండిపోయిందీ అంటారా? రైలు మార్గం ఈ ఊరికి రాకుండా లోపల్నుంచి విజయనగరం వైపు పోయింది. 1933లో విశాఖ హార్బరు తెరిచారు. ఓడలన్నీ అటు మళ్ళాయి. పెద్ద తమ్ముడికి ఉద్యోగం వచ్చి పట్నం వెళ్ళిపోతే ఇంటిపట్టున వుండిపోయిన అన్నలాంటిది భీమిలి.

నన్నడిగితే అదే మనకి లాభించింది. గంటస్తంభం నుంచి సెయింట్ పీటర్స్ చర్చి దాకా, అక్కణ్ణుంచి సముద్రం దాకా చెట్లనీడన నడిచి వెళ్ళిపోవచ్చు. పాత బంగళాలు, పెంకుటిళ్ళు, అరుగుల మీద ముసలివాళ్ళు. ఆ అరుగుల మీదివాళ్ళని పలకరించారంటే ఏ గైడూ చెప్పని కబుర్లు చెప్తారు. డచ్చి సమాధులు సూదిమొన గోపురాల్లా నిలువుగా లేచి వుంటాయి. రాళ్ళమీద వాళ్ళ భాషలో చెక్కిన అక్షరాలు. మేం వెళ్ళేసరికి గేటుకి తాళం. ఊచల్లోంచే చూశాం. ఎక్కడో హాలెండులో పుట్టి, ఓడెక్కి వచ్చి, ఈ ఉప్పుగాలిలో కన్నుమూసినవాళ్ళు. మేనకోడలు ఫోన్ తీయబోయి, ఎందుకో మళ్ళీ సంచిలో పెట్టేసుకుంది.

మధ్యాహ్నం చేపల పులుసూ అన్నం. దాని గురించి రాస్తే ఎడిటరుగారు ఇంకో పేజీ ఇవ్వాల్సొస్తుంది. వదిలేస్తున్నా.

ఇక ఆ గోడ

ఇప్పుడు నా పాడు పని. ఆ రోజు 1985లో మేం నలుగురం తీరాన ఒక పాత గోడ దగ్గరికి చేరాం. అదే సినిమాలో గోడ అని మాలో ఒకడు ఒట్టేసి చెప్పాడు. అంతే! హాస్టలు గది తాళంచెవి తీసి నా పేరు మొదటి అక్షరం, పక్కన ఒకమ్మాయి పేరు మొదటి అక్షరం చెక్కేశాను. ఆ అమ్మాయికి ఈ సంగతి ఆనాడూ తెలీదు, ఈనాడూ తెలీదు. ఎండుచేపల బుట్ట పక్కన పెట్టుకుని కూచున్న ఒక ముసలమ్మ ఇదంతా చూస్తోంది. "ఏటి బాబూ, మీ ఇంటి గోడమీదైతే ఇలాగే గీకుతావేటి?" అంది. మేం నవ్వేసి వెళ్ళిపోయాం. నవ్వాంగాని ఆ మాట మాత్రం ఇన్నేళ్ళూ నాతోనే వుంది.

మేనకోడలికి ఇది చెప్పగానే దానికి హుషారొచ్చింది. "పద, నీ అక్షరాలు వెతుకుదాం!"

టీ కొట్టతను ఒక గోడ చూపించాడు. ఆటో డ్రైవరు "అది కాదు సార్, ఇది" అని ఇంకోటి చూపించాడు. వలలు బాగుచేసుకుంటున్న కుర్రాడు "అది సముద్రంలో కలిసిపోయి చాన్నాళ్ళయింది" అని తేల్చేశాడు. ముగ్గురూ ప్రత్యక్షసాక్షుల్లాగే చెప్పారు! చివరికి ఒక గోడ దగ్గర గంటసేపు వెతికాం. నిండా పేర్లే. బాణం గుచ్చిన గుండెలు, పక్కన సంవత్సరాలు, వాటిమీద పెయింటు, పెయింటు మీద మళ్ళీ పేర్లు. 'భీమిలి కబడ్డీ జట్టు' వచ్చిన 2010 నాటివి కూడా కనిపించాయి. నా అక్షరాలు మాత్రం లేవు. అసలు ఆ గోడేనో కాదో కూడా తెలీదు. కింద సున్నం పెళ్ళలు రాలి కుప్పపడి వున్నాయి.

ఎర్రప్యాంటు కుర్రాడు జేబులోంచి స్కెచ్ పెన్ను తీశాడు. మేనకోడలు దాన్ని లాక్కుని తన సంచిలో వేసేసుకుంది. "మావయ్యని చూశావుగా, నలభయ్యేళ్ళయింది, ఇంకా కుమిలిపోతున్నాడు" అంది. వాడు గొణుక్కుంటూ టీలు తేవడానికి వెళ్ళాడు.

కొండా, సంగమం

నాలుగింటికి పావురాళ్ళకొండ ఎక్కాం. దారిలో నరసింహస్వామి గుడి వుంది. పైన బౌద్ధ భిక్షువుల కాలం నాటి రాతి తొట్లు వున్నాయి. కొండరాతిని తొలిచి వాననీరు నిలవచేసుకున్న తొట్లవి. అక్కణ్ణుంచి చూస్తే ఊరు, లైట్‌హౌసు, నది, సముద్రం ఒకే ఫ్రేములో వస్తాయి. ఆ గోస్తని ఏ నదనుకున్నారు? అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల దగ్గర్నుంచి పారి, తాటిపూడి రిజర్వాయరు దాటి వచ్చేది అదే. అరకు వెళ్ళేటప్పుడు మీరు గుహలో చూసిన నీళ్ళు ఇక్కడ సముద్రంలో కలుస్తాయన్నమాట.

సంగమం దగ్గర కెరటాలు చూసి ముగ్గురూ ప్యాంట్లు పైకి మడిచారు. మోకాలి లోతు దాటితే ఊరుకోనని ఖండితంగా చెప్పాను. సినిమాలో హీరో ఎంత లోపలికైనా వెళ్తాడు, "కట్" అనగానే నలుగురు పట్టుకొస్తారు. ఈ తీరంలో ఏటా స్నానాలకి దిగి ప్రాణాలు పోగొట్టుకుంటున్న కుర్రాళ్ళకి ఆ "కట్" చెప్పేవాడు లేడు. ఎక్కడ దిగవచ్చో అక్కడి జాలర్లని అడగండి. వాళ్ళు వద్దంటే వద్దే. ఇంకొకటి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రిళ్ళు ఈ ఇసుకలోకి వచ్చి గుడ్లు పెడతాయి. అందుకని క్యాంపుఫైర్లు, పెద్ద లైట్లు వద్దు.

చీకటిపడుతుంటే ముంత మసాలా తింటూ ఇసుకలో కూచున్నాం. మేనకోడలు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మావయ్యా, ఇక్కడ రంగులున్నాయి గదా, అయినా నాకు నలుపు తెలుపుల్లోనే కనిపిస్తోందేమిటి?" అంది. కొట్టేసిన అయిదు చోట్లకీ డిసెంబరులో వస్తానంది.

మీరు గనక బస్సులోనే తిరిగి వెళ్ళేటట్టయితే, ఆదివారాలు మాత్రం పొద్దుగూకక ముందే బస్టాండుకి వచ్చెయ్యండి. మాది శనివారమే, అయినా రుషికొండ దాకా నిలబడే వచ్చాం.