శాండ్‌విచ్‌లో మన జిల్లా ఎంత?

నంది కొండకు బెంగళూరు బండ్లు ఎప్పటినుంచో వస్తున్నాయి. 2023 జనవరిలో ఆదియోగి విగ్రహం వచ్చాక చిక్కబళ్లాపుర దారిలో రద్దీ ఇంకా పెరిగింది. అద్దాల తలుపు, నాలుగు కుర్చీలతో ముచ్చటైన చిన్న శాండ్‌విచ్ అంగడి పెట్టాలనుకునే మన పిల్లలకు ఇది అనువైన చోటే. బోర్డు మీద ‘తాజా, స్థానికం’ అని రాయడం తేలిక. ఆ మాట నిలబెట్టుకోవడమే పని.

ఈ తిండి మనకు కొత్తేమీ కాదు. 1898లో హెచ్.ఎస్. తిరుమలాచార్ బెంగళూరు చిక్కపేటలో పెట్టిన బేకరీతో మొదలైన అయ్యంగార్ బేకరీల ఒరవడి మన బస్టాండ్ల దాకా వచ్చింది. ఉల్లి, క్యారెట్, టమాట వేయించి రొట్టె మీద పరిచే మసాలా టోస్ట్ కూడా శాండ్‌విచ్ చుట్టమే.

చిక్కు రొట్టె దగ్గరుంది. గోధుమ ఉత్తరాది నుంచి రావాలి. మనది రాగి. అందులో గ్లూటెన్ ఉండదు కాబట్టి ఒట్టి రాగిపిండి గాలిని పట్టి ఉంచలేదు, రొట్టె పొంగదు, పొడిపొడిగా విరుగుతుంది. గోధుమపిండిలో కొంత కలిపితేనే కుదురుతుంది. ‘రాగి బ్రెడ్’ అని అమ్మేచోట రాగి ఎంత అని అడగండి, తప్పు లేదు.

టమాటకు కొదవ లేదు, చింతామణి మార్కెట్ ఉండనే ఉంది. 2023 జూలైలో కిలో వంద దాటిన ఆ కాయనే, ధర పడిన నెలల్లో కోత కూలి కూడా రాక పారబోస్తారు. అంగడి దీన్ని మార్చగలదా? ఒక్కోదానిలో 40 గ్రాములనుకుంటే, రోజుకు వంద శాండ్‌విచ్‌లకు 4 కిలోలు. పదిహేను కిలోల బాక్సు దాదాపు నాలుగు రోజులొస్తుంది. రైతులను ఉద్ధరిస్తున్నామని గోడ మీద రాసుకునేంత లెక్క కాదిది. అయితే ఇద్దరు ముగ్గురు రైతులతో ఏడాదికి ఒకే ధర మాట్లాడుకుని కీరా, ఉల్లి, కొత్తిమీర కూడా నేరుగా కొంటే, ధర పడిన నెలలోనూ ఆ ఇళ్లకు కొంత నికరమైన డబ్బు వస్తుంది. ధర పెరిగినప్పుడు రైతు కూడా ఆ మాట మీదే ఉండాలి. కష్టమంతా అక్కడే.

నీళ్ల సంగతీ చూడాలి. హెచ్.ఎన్. వ్యాలీ పథకం కింద, రెండు దశల్లో శుద్ధి చేసిన బెంగళూరు మురుగునీరు మన చెరువులకు చేరుతోంది. మూడో దశ కూడా కావాలని ఇక్కడి రైతు పోరాట సంఘాలు అడుగుతున్నాయి. శాండ్‌విచ్‌లో కాయలు పచ్చివే. పక్క ఊరిదైనంత మాత్రాన శుభ్రమైనదని కాదు. ఏ నీళ్లతో పండిందో అడగాలి, తాగే నీళ్లతో కడగాలి.

మయోనైజ్ మాత్రం వద్దనే చెబుతాను. పచ్చిగుడ్డు మయోనైజ్‌ను తెలంగాణ 2024 అక్టోబరులో, తమిళనాడు 2025 ఏప్రిల్‌లో ఏడాదిపాటు నిషేధించాయి. మనకు ఊరుబిండి ఉంది. బాగేపల్లి పక్క శెనక్కాయ గింజలు వేయించి, ఎండుమిర్చి, చింతపండు, ఉల్లి వేసి రుబ్బి రొట్టెకు రాయండి. నీళ్లు తగ్గించి గట్టిగా రుబ్బాలి, లేకపోతే రొట్టె నానిపోతుంది.