లెక్కల వీడియో ఎవరి కోసం ఆగుతుంది?

2022 డిసెంబర్ 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌ల పంపిణీ మొదలైంది. టీచర్లకు ఇచ్చేవాటితో కలిపి 5 లక్షల 18 వేలకు పైగా ట్యాబ్‌లు అని ప్రభుత్వం ప్రకటించింది. నెట్ లేకపోయినా చూసుకునేలా బైజూస్ వీడియో పాఠాలు వాటిలోనే వేసి ఇచ్చారు. తరగతి గదుల గోడలకు పెద్ద డిజిటల్ బోర్డులు ఎక్కాయి. 2024లో ప్రభుత్వం మారింది. అదే ఏడాది జూలైలో బైజూస్ మాతృసంస్థపై దివాలా ప్రక్రియ మొదలైంది. తొలి విడత ట్యాబ్‌లు అందుకున్న పిల్లలు 2025 మార్చిలో పదో తరగతి పరీక్షల దాకా వచ్చారు.

ట్యాబ్‌ల మీద పార్టీలు కావలసినంత కొట్టుకున్నాయి. ఆ తగువులో మేము దిగం. స్తోమత ఉన్నవాళ్ళు ప్రైవేటు బడులకు వెళ్ళిపోయాక సర్కారు బడిలో మిగిలింది ఎక్కువగా మన వాడల పిల్లలే. కాబట్టి వీడియోతో లెక్కలు ఎప్పుడు వస్తాయి, ఎప్పుడు రావు అన్నది మనమే తేల్చుకోవాలి.

విజయవాడ పక్కనున్న ఇబ్రహీంపట్నం మండలాన్నే తీసుకుందాం. జూపూడి, కేతనకొండ, మూలపాడు, కొండపల్లి లాంటి ఊళ్ళు, మధ్యలో నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం. అక్కడ కాంట్రాక్టు కూలికి వెళ్ళే ఇంటి పిల్ల ఎనిమిదో తరగతిలో ఉందనుకోండి. 62లోంచి 38 తీసేయమంటే 36 అని రాసింది. ఒకట్ల స్థానంలో 2లోంచి 8 పోదు కనుక, 8లోంచే 2 తీసేసింది. పదుల నుంచి అప్పు తెచ్చుకోవడం మూడో తరగతిలోనో నాలుగులోనో జారిపోయింది. ఆ రోజుల్లో ఇంట్లో అడగడానికి చదువుకున్నవాళ్ళు లేరు, ట్యూషన్‌కు డబ్బుల్లేవు.

ఈ పిల్లకు ఎనిమిదో తరగతి సమీకరణాల వీడియో వేస్తే ఏమవుతుంది? బొమ్మలు బాగుంటాయి, గొంతు స్పష్టంగా ఉంటుంది. కావాలంటే ఆపి, వెనక్కి తిప్పి మళ్ళీ చూడొచ్చు. కానీ ఎన్నిసార్లు తిప్పినా అది ఎనిమిదో తరగతి పాఠమే. ఆమెకు కావలసింది నాలుగేళ్ళ వెనక ఉంది. నల్లబల్ల మీద సిలబస్ ఎలా ముందుకు పరిగెత్తిందో, తెర మీదా అలాగే పరిగెడుతుంది.

దీనికి గట్టి ఆధారం ఢిల్లీలో దొరికింది. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గనిమియన్ అక్కడి ప్రభుత్వ బడుల పిల్లలపై చేసిన పరిశోధన 2019లో అచ్చయింది. 619 మంది పిల్లల్లో లాటరీ తీసి, గెలిచినవాళ్ళకు మైండ్‌స్పార్క్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం కేంద్రాల్లో ఉచితంగా చోటిచ్చారు. మొదట పరీక్ష పెట్టి చూస్తే, ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. లాటరీ తగలని పిల్లల్లో అడుగు వరుసవాళ్ళు బడికి వెళ్తూ కూడా దాదాపు ఏమీ ముందుకు కదలలేదు. కంప్యూటర్ దగ్గర కూర్చున్న పిల్లలు నాలుగున్నర నెలల్లో స్పష్టంగా ముందుకెళ్ళారు.

తేడా ఎక్కడ వచ్చింది? ఆ ప్రోగ్రాం ముందు పిల్ల స్థాయి కనుక్కుంటుంది. 36 అని రాస్తే తప్పని గీత కొట్టి వదిలేయదు, ఆ తప్పు ఏ తీరుదో గుర్తుపట్టి అక్కడి నుంచే లెక్కలు ఇస్తుంది. అలాగని అంతా యంత్రమే చేసిందనీ కాదు. రోజుకు గంటన్నరలో సగం సేపు కంప్యూటర్, మిగతా సగం పన్నెండు, పదిహేను మంది పిల్లల గుంపుతో ఒక మనిషి. ఈ రెండో సగాన్ని అమ్మకందారులు చెప్పరు. పెరూ దేశం 8 లక్షలకు పైగా లాప్‌టాప్‌లు పంచింది. అక్కడి పల్లె బడుల్లో పరీక్షించి చూస్తే లెక్కల్లో పెరుగుదల కనిపించలేదు.

ఇక తెర ముందుకు ఎవరు వెళ్తారన్నది. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో అంబేడ్కర్‌ను బోర్డు దగ్గరికి వచ్చి లెక్క చేయమని మాస్టారు పిలిస్తే, బోర్డు వెనక పెట్టుకున్న అన్నం డబ్బాలు మైలపడతాయని సవర్ణ పిల్లలు ఉరికి వాటిని తీసేసుకున్నారని ఆయన జీవిత చరిత్రలో ఉంది. ఈరోజు డబ్బాల కోసం ఎవరూ ఉరకరు. అయినా తరగతిలో ఒకే డిజిటల్ బోర్డు, ఒకే పెన్ను ఉంటే, జవాబు తెలిసిన ముందు బెంచీ చేతికే అది పదేపదే వెళ్తుంది. వెనక బెంచీకి అదింకో టీవీ. కోవిడ్‌లో ఇలాంటి తేడా అంకెల్లోనే బయటపడింది. 2021 ఆగస్టులో 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో చేసిన సర్వేలో, పల్లెల్లో క్రమంగా ఆన్‌లైన్ చదువు సాగినవాళ్ళు దళిత, ఆదివాసీ పిల్లల్లో 4 శాతం, మిగతా పిల్లల్లో 15 శాతం.

వీడియోలోని సరుకు గురించీ ఒక మాట. భిన్నాలకు పిజ్జా ముక్కలే ఎందుకు? ఇబ్రహీంపట్నం పిల్లలు రోజూ బూడిద లారీలు చూస్తారు. 200 టన్నుల బొగ్గులో బూడిద 35 శాతమైతే 70 టన్నులు, 14 టన్నులు ఎత్తే లారీకి 5 ట్రిప్పులు. ఒక టీచరు ఫోనుతో ఆ లారీని రెండు నిమిషాలు తీసి, ‘ఎన్ని ట్రిప్పులు?’ దగ్గర ఆపి, పిల్లలు చేశాక మిగతాది చూపిస్తే చాలు. కోట్ల కాంట్రాక్టు అక్కర్లేదు.

విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, అణగారిన వర్గాలకు వారి పిల్లల నిష్పత్తిలో చోటు ఉండాలి, సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. అక్కడ అడగాల్సినవి ఉన్నాయి: పిల్లల లెక్కల స్థాయిని ఈ ఏడాది ఎప్పుడు చూశారు? వెనకబడిన పిల్లలకు వారానికి ఎన్ని పీరియడ్లు వేరుగా ఇస్తున్నారు? ఎన్ని ట్యాబ్‌లు పని చేస్తున్నాయి, పాడైనవి ఎవరు బాగుచేస్తారు? బోర్డు పెన్ను ఈ వారం ఎవరెవరు పట్టుకున్నారు? ట్యాబ్‌ల డబ్బు ఎస్సీ ఉపప్రణాళిక పద్దులోంచి వచ్చిందా అన్నది మాత్రం కమిటీలో తేలదు. దానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలి.