శునక సహాయక చికిత్స: ఎదుగుదల లోపాలున్న చిన్నారులు, తెలుగు భాషాసందర్భం

ఉపోద్ఘాతం

సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ మేధోవైకల్యం గల పిల్లల శిక్షణకు దేశంలోనే ప్రధాన కేంద్రాలలో ఒకటి. నేడు ఇది ఎన్‌ఐఈపీఐడీగా వ్యవహారంలో ఉంది. 2021 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన 14 సత్వర చికిత్సా కేంద్రాలలో సికింద్రాబాద్, నెల్లూరు కేంద్రాలు కూడా ఉన్నాయి. ఆరేళ్ళలోపు పిల్లలకు స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, ప్రత్యేక విద్య వంటి సేవలను ఒకే చోట అందించడం వీటి లక్ష్యం. ఇటువంటి కేంద్రాలకు పిల్లలను తీసుకువచ్చే తల్లిదండ్రులలో కొందరికి ఒక సందేహం కలుగుతుంది: "కుక్కను పెంచితే మా బాబుకు మాటలు వస్తాయా?" ఈ ప్రశ్నకు ఆశ కల్పించే సమాధానం తేలిక, సరైన సమాధానానికి కొంత వివరణ అవసరం. శునక సహాయక చికిత్స స్వరూపాన్ని, పరిమితులను వివరించి, తెలుగు భాషాసందర్భంలో దానిని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. నేపథ్యం

అమెరికాకు చెందిన బాలల మనస్తత్వవేత్త బోరిస్ లెవిన్‌సన్ ఈ పద్ధతికి ఆద్యుడిగా గుర్తింపు పొందారు. ఎవరితోనూ కలవని ఒక బాలుడు నిర్ణీత సమయానికి ముందే ఆయన వద్దకు వచ్చినప్పుడు, అక్కడే ఉన్న ఆయన పెంపుడు కుక్క జింగిల్స్ బాలుడిని సమీపించింది. బాలుడు దానిని దగ్గరకు తీసుకున్నాడు. వైద్యుడితో అతనికి అనుబంధం ఏర్పడటానికి ఆ కుక్కే వారధి అయింది. ఈ అనుభవం ఆధారంగా లెవిన్‌సన్ 1962లో కుక్కను 'సహచికిత్సకుడి'గా ప్రతిపాదిస్తూ వ్యాసం ప్రచురించారు. 1969లో గ్రంథం వెలువరించారు.

2. నిర్వచనం, విధానం

ఇంట్లో కుక్కను పెంచడం వేరు, చికిత్సలో దానిని భాగం చేయడం వేరు. అర్హత గల చికిత్సకులు నిర్దిష్ట లక్ష్యాన్ని నిర్ణయించి, శిక్షణ పొందిన కుక్క సాయంతో సాధన చేయించి, పిల్లల ప్రగతిని నమోదు చేసినప్పుడే అది చికిత్స అవుతుంది. ఆసుపత్రికో పాఠశాలకో కుక్కను తీసుకువెళ్ళి పిల్లలను సంతోషపెట్టడం వినోద కార్యక్రమం మాత్రమే.

విధానం క్రమానుగతంగా సాగుతుంది. మొదట పిల్లవాడు దూరం నుండి కుక్కను చూస్తాడు. ఇష్టపడితేనే దగ్గరకు వెళతాడు. ఆ తరువాత దాని బొచ్చు దువ్వడం, మెడపట్టీ బకిల్ పెట్టడం వంటివి చేతివేళ్ళకు సాధన. బిస్కెట్లు లెక్కపెట్టి ఇవ్వడం అంకెలకు సాధన. బంతి విసిరి, కుక్క తెచ్చేవరకు ఆగడం తనవంతు కోసం వేచి ఉండటానికి సాధన. ఈ పనులన్నీ చికిత్సాగదిలో మామూలుగా జరిగేవే. కుక్క తోడైనప్పుడు వాటిలో పాల్గొనాలన్న కోరిక పిల్లవాడిలోనే కలగడానికి అవకాశం ఎక్కువ.

3. తెలుగు భాషాసందర్భం

తెలుగు మాట్లాడే పిల్లవాడు ఎవరితోనైనా సంభాషించాలంటే 'నువ్వు', 'మీరు' భేదాన్ని పాటించాలి. 'రా', 'రండి' వంటి క్రియారూపాలలో ఎదుటివారి వయసు, వరుస, గౌరవం ఇమిడి ఉంటాయి. ఆటిజం ఉన్న పిల్లలలో కొందరు 'నేను', 'నువ్వు' అనే సర్వనామాలనే తారుమారు చేస్తారు. అటువంటివారికి గౌరవభేదం మరింత భారమవుతుంది. కుక్క ముందు ఈ భారం ఉండదు. 'రా', 'పో', 'తే' అనే ఏకాక్షర విధిరూపాలు చాలు. పిల్లవాడు 'రా' అనగానే శిక్షణ పొందిన కుక్క వస్తుంది. మాటకు ఫలితం ఉంటుందన్న అవగాహన కంటికి కనబడుతుంది. కుక్క బోధించేది వ్యాకరణాన్ని కాదు, మాట అవసరాన్ని.

అయితే ఇంగ్లీషు ఆజ్ఞలకే అలవాటుపడిన కుక్క తెలుగు పిల్లవాడి 'కూర్చో'కు స్పందించదు. అందువల్ల కుక్క శిక్షణలోనే పిల్లల ఇంటిభాషను చేర్చడం అవసరం. మరొక అంశం కూడా గమనింపదగినది. వ్యాకరణం కుక్కను అమహద్వాచకంగా పరిగణించి 'అది' అంటుంది. పెంచుకున్నవారు 'వాడు', 'మావాడు' అంటారు. వ్యాకరణ నియమాన్ని అనుబంధం దాటుతున్న ఇటువంటి ప్రయోగాలు భాషాపరిశోధకులు సేకరించదగినవి.

4. పరిమితులు, జాగ్రత్తలు

ఆటిజం విషయంలో జంతు సహాయక పద్ధతులపై వచ్చిన 14 అధ్యయనాలను మార్గరీట్ ఓహేర్ 2013లో సమీక్షించారు. సామాజిక స్పందన, సంభాషణలలో మెరుగుదల కనిపించినట్లు ఆ అధ్యయనాలు పేర్కొన్నా, వాటి పద్ధతులలో బలహీనతలున్నాయని, ఫలితాలు ప్రాథమికమైనవేనని ఆమె తేల్చారు. కనుక ఇది ఆటిజాన్ని నయం చేసే విధానం కాదు. స్పీచ్ థెరపీకి అనుబంధమే గాని ప్రత్యామ్నాయం కాదు.

మన నగరాలలో భయం కూడా వాస్తవమే. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో నాలుగేళ్ళ బాలుడు మరణించాడు. ఆ భయం ఉన్న పిల్లవాడిని బలవంతంగా కుక్క దగ్గరకు చేర్చడం హాని చేస్తుంది. అలర్జీ ఉన్నవారికి, మొరుగుడు, వాసన భరించలేనివారికి ఈ పద్ధతి తగదు. కుక్కకు రేబిస్ టీకా, నులిపురుగుల మందు క్రమంగా ఇప్పించడం తప్పనిసరి. కుక్క పదేపదే ఆవులించడం, మూతి నాకుకోవడం, తల తిప్పుకోవడం దాని ఒత్తిడికి సూచనలు కావచ్చు. అప్పుడు సాధన ఆపివేయాలి. నిర్దోషి అయిన మూగజీవిని హింసించడం దోషమన్న హెచ్చరిక మనకు కొత్త కాదు. ఆంధ్రమహాభారతం ఆదిపర్వంలోని సరమ వృత్తాంతం చెప్పేది అదే.

ముగింపు

తల్లిదండ్రుల ప్రశ్నకు సమాధానం ఇది: కుక్క మాటలు తెప్పించదు, మాట్లాడాలన్న కోరికకు తోడ్పడవచ్చు. ఆ కోరికను మాటగా మలచేది చికిత్సకుల కృషి, ఇంటివారి ఓర్పు. ఎదుగుదలకు కీలకమైన తొలి సంవత్సరాలు కుక్కపై ఆశతో గడిచిపోతే ఆ నష్టాన్ని పూడ్చడం కష్టం. ఈ విషయాన్ని తల్లిదండ్రులకు అర్థమయ్యే తెలుగులో చెప్పడం వైద్యుల బాధ్యత మాత్రమే కాదు; తెలుగు అధ్యాపకులు, పరిశోధకులు కూడా పంచుకోవలసిన బాధ్యత.