సర్వర్ కుప్పకూలితే లారీ కదలదు

సూరత్: రింగ్ రోడ్డు వస్త్ర మార్కెట్లలో పగలంతా బేరసారాలు సాగుతాయి. పొద్దువాలే వేళకు చీరల పార్సిళ్లు రవాణా సంస్థల గోదాములకు చేరుతాయి. విజయవాడ వస్త్రలతకు, హైదరాబాదుకు, దేశంలోని మరెన్నో విపణులకు లారీలు అక్కడినుంచే బయలుదేరుతాయి. అయితే 2018 నుంచి లారీ కదలడానికి డీజిలు, డ్రైవరు ఉంటే చాలదు. సరకు విలువ 50 వేల రూపాయలు దాటితే సాధారణంగా ఈ-వే బిల్లు కూడా ఉండి తీరాలి. అది కంప్యూటర్‌లో పుట్టవలసిన పత్రం. లేకుండా దారిలో పట్టుబడితే కనీసం 10 వేల రూపాయల జరిమానా, దానికి తోడు సరకు నిలుపుదల.

ఈ విధానం దేశమంతటా అమలులోకి రావలసిన రోజు 2018 ఫిబ్రవరి 1. ఆనాడే ఆర్థికమంత్రి అరుణ్ జైట్లీ పార్లమెంటులో బడ్జెట్ ప్రవేశపెట్టారు. దేశం దృష్టి ఢిల్లీపై ఉండగా ఈ-వే బిల్లుల పోర్టల్ తొలిరోజు తాకిడికే చతికిలబడింది. బిల్లులు పుట్టక సరకు ఎక్కడికక్కడ నిలిచింది. సాంకేతిక అవరోధాల వల్ల ప్రయోగదశను పొడిగిస్తున్నట్లు ఆ రోజే కేంద్రం ప్రకటించవలసి వచ్చింది.

విచిత్రమేమంటే, జనవరి మధ్యనుంచి ఆ వ్యవస్థ ప్రయోగాత్మకంగా నడుస్తూనే ఉంది. కానీ అది ఐచ్ఛికం. ఇష్టమైనవారు వాడారు, మిగిలినవారు ఊరకున్నారు. నలుగురు నడిచినప్పుడు నిలిచిన వంతెన నాలుగు వందల లారీలకు నిలుస్తుందన్న భరోసా లేదు. అందుకే కొత్త వంతెనపై ఇసుకో, రాళ్లో నింపిన లారీలను నిలిపి, ఎంత వంగుతున్నదో ఇంజనీర్లు కొలుస్తారు. వెబ్ సేవలకూ అటువంటి పరీక్ష ఉంది. దానినే లోడ్ టెస్టింగ్ అంటారు.

ఈ పరీక్షకు ఖరీదైన సాధనాలే కావాలని లేదు. అపాచీ జేమీటర్ అనే ఓపెన్ సోర్స్ ఉపకరణం ఎవరికైనా ఉచితంగా లభిస్తుంది. దాని మూల ప్రోగ్రామును చూడవచ్చు, అవసరాన్నిబట్టి మార్చుకోవచ్చు. అపాచీ జేసర్వ్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ సామర్థ్యాన్ని కొలవడానికి స్టెఫానో మజ్జొక్కి అనే ప్రోగ్రామరు 1990ల చివర దీనిని రూపొందించారు. 2011లో ఇది అపాచీ సంస్థలో స్వతంత్ర ప్రాజెక్టు స్థాయికి ఎదిగింది.

జేమీటర్ చేసే పని, ఒక్కమాటలో, లేని జనాన్ని సృష్టించడం. ఎంతమంది రావాలి, ఎంతసేపట్లో రావాలి, ఒక్కొక్కరు ఎన్నిసార్లు పని చేయాలి అన్నవి ముందుగా నిర్దేశిస్తారు. ఆ ఊహాజనిత వర్తకులు ఒక్కొక్కరూ వేర్వేరు వివరాలతో లాగిన్ అవుతారు. సరకు వివరాలు నింపుతారు, లారీ నంబరు రాస్తారు, బిల్లు అడుగుతారు. నడుమ ఆలోచించుకున్నట్లు కొన్ని క్షణాలు ఆగుతారు కూడా. పెద్ద పరీక్షకు ఒక్క కంప్యూటర్ చాలకపోతే పదింటిని కలిపి నడపవచ్చు. సర్వర్ బదులిస్తే సరిపోదు, సరైన బదులే ఇచ్చిందా అన్నదీ తనిఖీ చేయించాలి. లేకపోతే క్షణంలో వచ్చిన 'క్షమించండి' పేజీ కూడా విజయం కిందే జమపడుతుంది!

ఫలితాలను చదవడంలోనే అసలు మెలకువ ఉంది. నూరుగురిలో 95 మందికి ఒక సెకనులో, అయిదుగురికి ఒక నిమిషంలో బిల్లు వచ్చిందనుకుంటే, సగటు నాలుగు సెకన్ల లోపే. కాగితంపై అది ముచ్చటైన అంకె. నిమిషంసేపు తెరవైపు చూస్తూ కూర్చున్న ఆ అయిదుగురు అందులో కనిపించరు. కనుక సగటుతో సరిపెట్టుకోక, అత్యంత ఆలస్యమైనవారి గతి ఏమిటో చూడడం ఈ పరీక్షలో ప్రధాన సూత్రం.

రోజువారీ లెక్కలూ అటువంటివే. 2018 మార్చిలో జీఎస్టీ మండలి సమావేశం నాటికి, దినానికి 75 లక్షల అంతర్రాష్ట్ర బిల్లులను తట్టుకునేలా వ్యవస్థను తీర్చిదిద్దినట్లు అధికారులు వెల్లడించారు. 24 గంటలకు సమానంగా పంచితే అది సెకనుకు సుమారు 87. కానీ సరకు అర్ధరాత్రీ మధ్యాహ్నమూ ఒకే తీరున కదలదు. అందులో సగం సాయంత్రం నాలుగు గంటల వ్యవధిలో వచ్చిపడితే సెకనుకు 260 అవుతాయి. ఒక్కో బిల్లుకు నాలుగైదు పేజీలు దాటాలి కనుక సర్వర్‌పై భారం ఇంకా ఎక్కువే. పరీక్ష నడపవలసింది సూరత్ సాయంకాలపు లెక్కతో. రోజు మొత్తం లెక్క అందుకు పనికిరాదు.

సూరత్‌కు ఇది తొలి అనుభవం కాదు. వస్త్రాలపై 5 శాతం జీఎస్టీని నిరసిస్తూ 2017 జూలైలో ఇక్కడి వర్తకులు రోజుల తరబడి దుకాణాలు మూసివేశారు. చిట్టా పుస్తకాలకు అలవాటుపడిన చిన్న వ్యాపారికి కంప్యూటర్ రిటర్నులన్నా బెదురే. ఆ బెదురు తీరకముందే, తొలి నెల రిటర్నుకు గడువైన ఆగస్టు 20 సమీపించగానే జీఎస్టీ పోర్టల్ మొరాయించింది. గడువును 25 వరకు పొడిగించారు. ఇటువంటి చిక్కులపై సెప్టెంబరులో సుశీల్ కుమార్ మోదీ నాయకత్వాన మంత్రుల బృందం ఏర్పాటైంది. ఈ బజారు స్తంభిస్తే దెబ్బ వర్తకుడితో ఆగదు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడపవలసి వచ్చినంతగా తెలుగువారు ఇక్కడ స్థిరపడ్డారు. వారిలో అనేకులకు మరమగ్గమే జీవనాధారం.

ఈ-వే బిల్లు చివరకు 2018 ఏప్రిల్ 1న అంతర్రాష్ట్ర రవాణాకు తప్పనిసరి అయింది. ఈసారి అందరినీ ఒక్కరోజే రమ్మనలేదు. రాష్ట్రంలోపలి రవాణాకు ఏప్రిల్ 15న అయిదు రాష్ట్రాలలో అమలుచేశారు. గుజరాత్‌తోపాటు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కేరళ, ఉత్తరప్రదేశ్ అందులో ఉన్నాయి. ఫిబ్రవరిలో చేయవలసిన పని ఇదే. అయినా ప్రకటించిన ముహూర్తానికి జనం ఒక్కుమ్మడిగా విరుచుకుపడే బెడద అంతటితో పోలేదు. 2021 ఏప్రిల్ 28న 18 ఏళ్లు నిండినవారికి కోవిడ్ టీకా నమోదు ప్రారంభించగానే కోవిన్ తడబడింది.

పోర్టల్ నిలకడపై అనుమానం ఉన్న వర్తక సంఘం తానే జేమీటర్‌తో పరీక్షిస్తానంటే కుదరదు. అనుమతి లేకుండా ఇతరుల సర్వర్‌పై అంత భారం మోపి సేవకు భంగం కలిగించడం 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం ప్రకారం శిక్షార్హం. యజమానులే, అదీ అసలు వ్యవస్థకు నకలుపై, ఆ పని చేయాలి. లారీ పక్కన నిలబడిన గుమాస్తాకు మిగిలేది పేజీని మళ్లీమళ్లీ తెరవడమే. అలా తెరిచిన ప్రతిసారీ, అప్పటికే ఉక్కిరిబిక్కిరైన సర్వర్ మీద మరో అభ్యర్థన వచ్చిపడుతుంది.