లాంగ్‌మ్యూర్ మేఘమథనం

చిత్తూరు పడమటి మండలాల్లో జూన్ వచ్చేసరికి చెనక్కాయ విత్తనం సిద్ధంగా ఉంటుంది, పదును వానే రాదు. పట్టిన మబ్బు గాలికి తేలిపోతుంది. 2004 నుంచి కొన్నేళ్లపాటు నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విమానాలతో ‘మేఘమథనం’ చేయించింది ఈ బాధ చూసే. ఆ విద్య పుట్టిన చోట ఒక మహా మేధావి ఘనతా ఉంది, ఆయన పొరపాటూ ఉంది.

ఆయన ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో పనిచేస్తూ బల్బులో వాయువు నింపి ఫిలమెంటు ఆయుష్షు పెంచాడు. 1932లో రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్నాడు. 1946 వేసవిలో ఆయన సహచరుడు విన్సెంట్ షేఫర్ ఒక ఫ్రీజరులోకి ఊపిరి వదిలి చిన్న మబ్బు చేశాడు. చల్లదనం చాలక అందులో పొడి మంచు (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడు) ముక్క వేశాడు. మబ్బంతా తళతళలాడే మంచు పలుకులైంది! సున్నా డిగ్రీల కంటే చల్లబడినా గడ్డకట్టని నీటి తుంపరలు మబ్బుల్లో ఉంటాయి. ఒక్క పలుకు పుడితే చుట్టూ ఉన్న తేమంతా దాని మీదికి చేరుతుంది, బరువెక్కి రాలుతుంది. నవంబరు 13న షేఫర్ విమానమెక్కి నిజం మబ్బులోనే దీన్ని చేసి చూపించాడు. ఆ నెలలోనే బెర్నార్డ్ వానెగట్ సిల్వర్ అయొడైడ్‌ను పట్టుకున్నాడు. దాని స్ఫటికం మంచు స్ఫటికాన్ని పోలి ఉంటుంది, కాల్చి పొగగా పంపవచ్చు.

ఇంతవరకూ గట్టి విజ్ఞానమే. 1947 అక్టోబరు 13న అట్లాంటిక్‌లో ఒక తుపానులో పొడి మంచు చల్లారు. అది దారి మళ్లి జార్జియా తీరాన్ని తాకింది. మళ్లించింది తామేనని లాంగ్‌మ్యూర్ నమ్మాడు. చల్లకముందే అది మలుపు తీసుకోవడం మొదలైందని తరవాత తేలింది. ఆయన తగ్గలేదు. న్యూ మెక్సికోలో వారానికోసారి సిల్వర్ అయొడైడ్ కాల్పించి, ఎక్కడో ఒహాయో లోయలో ఏడు రోజులకోసారి పడిన వానలూ తమవేనన్నాడు. అలాంటి వరసలు ప్రకృతిలో వాటంతట అవే వస్తాయని అమెరికా వాతావరణ శాఖవారు వాదించారు. నాకు బాధ కలిగించేది మరొకటి: లేనిదాన్ని ఉన్నట్టు చూసే శాస్త్రజ్ఞుల గురించి 1953లో గొప్ప ప్రసంగం చేసింది ఈయనే. ఇతరుల భ్రమను అంత చక్కగా పట్టినవాడికి తన భ్రమ కనబడలేదు.

మబ్బు విషయంలో ఈ ఉచ్చు సులువు. చల్లకపోతే ఎంత కురిసేదో ఎవరికి తెలుసు? చీటీ వేసినట్టు కొన్ని మబ్బులకు చల్లి, కొన్నింటిని వదిలేసి పోల్చాలి. పుణె ఉష్ణమండల వాతావరణ సంస్థ 2018, 2019లలో షోలాపూర్ దగ్గర 276 మబ్బులతో ఇదే చేసింది. వంద చదరపు కిలోమీటర్ల మేర వాన 18 శాతం పెరిగిందని 2023లో ప్రకటించింది. అదైనా మబ్బున్నప్పటి మాటే. లేని మబ్బును ఏ విమానమూ తేలేదు.

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలోని గాదంకిలో 1024 యాంటెన్నాల రాడార్ ఉంది. మబ్బు పెరిగేది లేచే గాలితోనే; ఆ రాడార్ పైనున్న గాలి ఎంత వేగంతో లేస్తోందో, దిగుతోందో కొలుస్తుంది. ఇకమీద మన ఆకాశంలో విమానం తిప్పాలనుకునే ప్రభుత్వం ముందు గాదంకి శాస్త్రజ్ఞులను అడగాలి. సగం మబ్బులను చీటీతో వదిలేయాలి. వచ్చిన లెక్కలు, బాగున్నా బాగోకపోయినా, రైతుల ముందు పెట్టాలి.